ఇంటి ఇన్వర్టర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండలు ముదిరి కోతలు మొదలయ్యాయంటే ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. వాటిలో ముప్పాతిక వంతు ఇన్వర్టర్ గురించి కాదు, దాని పక్కనున్న బ్యాటరీ గురించి. అందుకే ఇక్కడా బ్యాటరీకే ఎక్కువ చోటు దక్కింది. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ప్రత్యేకంగా చెప్పకపోతే లెక్కలన్నీ మన ఇళ్లలో ఎక్కువగా కనబడే 12 వోల్టుల, ఒకే బ్యాటరీ ఇన్వర్టర్‌వి.

## ముందు అసలు సంగతి

ఇన్వర్టర్ లోపల ఏం జరుగుతుంది?

బ్యాటరీలో ఉండేది డీసీ: 12 వోల్టులు, ఎప్పుడూ ఒకే దిశలో పారుతుంది. ఫ్యానుకు కావలసింది ఏసీ: 230 వోల్టులు, సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు తెచ్చేవి మాస్‌ఫెట్లు. ఇవి చాలా వేగంగా పనిచేసే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు. బ్యాటరీ కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలోకి ఒకసారి ఈ వైపు నుంచి, ఒకసారి ఆ వైపు నుంచి పంపుతాయి. అలా ఊగే కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులకు పెంచుతుంది. ఇన్వర్టర్ ఎత్తితే అంత బరువుండేది ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము, రాగి వల్లే (చవక రకాల్లో రాగి బదులు అల్యూమినియం చుడతారు).

లైను కరెంటు ఉన్నప్పుడు అదే ట్రాన్స్‌ఫార్మర్, అవే మాస్‌ఫెట్లు తిరగబడి చార్జర్‌గా పనిచేస్తాయి. ఇంటి లోడు మాత్రం రిలే గుండా నేరుగా లైను మీదే నడుస్తుంది. కరెంటు పోగానే వినిపించే 'టక్' చప్పుడు ఆ రిలే మారిన చప్పుడే.

ఇన్వర్టర్, యూపీఎస్ ఒకటేనా? షాపులో రెండు పేర్లూ చెబుతున్నారు.

తేడా ప్రధానంగా మారే సమయంలో ఉంది. ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారడానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఫ్యాను, లైటుకు అది తెలియదు, డెస్క్‌టాప్ కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ కావచ్చు. యూపీఎస్ మోడ్‌లో పది మిల్లీసెకన్ల చుట్టుపక్కలే మారుతుంది, కంప్యూటర్ తట్టుకుంటుంది. ఇప్పుడు ఇళ్లకు అమ్మే 'హోమ్ యూపీఎస్'లో చాలావాటికి ఈ రెండు మోడ్‌లూ ఒక స్విచ్‌తో దొరుకుతాయి.

ఆన్‌లైన్ యూపీఎస్ మాత్రం వేరే జాతి. అందులో లైను కరెంటు ఎప్పుడూ డీసీగా మారి మళ్లీ ఏసీగా బయటికొస్తుంది కాబట్టి మారే సమయమే ఉండదు. ల్యాబులకు, సర్వర్లకు అది కావాలి. ఇంటికి దండగ.

స్క్వేర్ వేవ్, సైన్ వేవ్ అంటున్నారు. వాడేటప్పుడు తేడా తెలుస్తుందా?

తెలుస్తుంది, ముందు చెవికి తెలుస్తుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌లో వోల్టేజి మెట్టు ఎక్కినట్టు ఒక్కసారి లేచి, ఒక్కసారి పడుతుంది. ఆ పదునైన అంచుల్లో 50 హెర్ట్జ్‌తో పాటు 150, 250, 350 హెర్ట్జ్ హార్మోనిక్‌లూ (అసలు ఊపుకు గుణిజాలైన అదనపు ఊపులు) ఉంటాయి. ఫ్యాను మోటారుకు అవి గాలి విసరడంలో సాయపడవు, మూలుగుగానూ వేడిగానూ మారతాయి. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉంటే ఆ మూలుగు ఇంకా పెరుగుతుంది.

ప్యూర్ సైన్ వేవ్‌లో మాస్‌ఫెట్లు సెకనుకు వేల సార్లు ఆన్, ఆఫ్ అవుతూ, పల్సుల వెడల్పును సన్నంగా మొదలుపెట్టి పెంచి మళ్లీ తగ్గిస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్ కలిసి దాన్ని నున్నగా చేస్తాయి. బయటికొచ్చేది లైను కరెంటులాగే ఉంటుంది.

మధ్యలో 'మాడిఫైడ్ సైన్ వేవ్' అని ఒకటి అమ్ముతారు. పేరులో సైన్ ఉన్నా అది మధ్యలో కాస్త ఆగి ఎక్కే స్క్వేర్ వేవే. ఎల్‌ఈడీ లైట్లు, ఫోన్ చార్జర్లు, ఒక ఫ్యాను వరకే అయితే స్క్వేర్‌తో నెట్టుకురావచ్చు. ఫ్రిజ్, కంప్యూటర్, వైద్య పరికరం ఏదైనా ఉంటే ప్యూర్ సైన్ తప్ప వేరేది కొనకండి. ఇంకో మాట: స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అవుట్‌పుట్‌ను మామూలు మల్టీమీటర్‌తో కొలిచి వోల్టేజి తప్పుందని గొడవపడొద్దు. ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరు (అల ఏ ఆకారంలో ఉన్నా సరిగ్గా కొలిచేది) కాకపోతే ఆ అంకె నమ్మదగింది కాదు.

ఇన్వర్టర్ ఏసీ కొన్నాం కదా, కరెంటు పోతే అదెందుకు ఆగిపోతోంది?

పేరు ఒకటే, పని వేరు. ఇన్వర్టర్ ఏసీలో బ్యాటరీ ఉండదు. లైను కరెంటును డీసీగా మార్చి, మళ్లీ కావలసిన ఫ్రీక్వెన్సీలో ఏసీ కరెంటుగా మార్చి కంప్రెసర్ వేగాన్ని తగ్గించి పెంచే సర్క్యూట్ ఉంటుంది. గది చల్లబడ్డాక కంప్రెసర్ ఆగకుండా నెమ్మదిగా తిరుగుతుంది, కరెంటు ఆదా అయ్యేది అక్కడే.

## కొనే ముందు

మా ఇంటికి ఎన్ని విఎ (వోల్ట్ ఆంపియర్లు, ఇన్వర్టర్ సైజు చెప్పే కొలత) ఇన్వర్టర్ కావాలి?

కరెంటు పోయినప్పుడు ఒకేసారి నడవాల్సినవి మాత్రమే కాగితం మీద రాయండి. పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుది) 30, ఎల్‌ఈడీ ట్యూబు 20, బల్బు 9, 43 అంగుళాల టీవీ 80 దాకా, వైఫై రూటర్ 12, ల్యాప్‌టాప్ 65.

ఉదాహరణకు మూడు పాత ఫ్యాన్లు, నాలుగు ట్యూబులు, టీవీ, రూటర్: 225 + 80 + 80 + 12 = 397 వాట్లు. పవర్ ఫ్యాక్టర్ (విఎలో నిజంగా వాట్లుగా పనికొచ్చే భాగం) 0.8 అనుకుని భాగిస్తే దాదాపు 500 విఎ. దానిమీద పావు వంతు ఖాళీ ఉంచితే 625. అంటే 800–900 విఎ తరగతి ఇన్వర్టర్ హాయిగా సరిపోతుంది.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది విఎ, మీ సామానుకు కావలసింది వాట్లు. కొన్ని మోడళ్ల పేరులో ఉండే అంకెకీ అసలు సామర్థ్యానికీ పొంతన ఉండదు. వెనక అంటించిన రేటింగ్ ప్లేట్ మీద వాట్లెంతో చదివాకే బేరం మొదలుపెట్టండి.

150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది? షాపు అతను ఒకటి చెబుతాడు, ఇంట్లో ఒకటి వస్తుంది.

షాపు అతను 150 × 12 = 1800 వాట్ అవర్లు అని గుణించి, మీ లోడుతో భాగిస్తాడు. ఆ లెక్కలో రెండు దొంగచోట్లున్నాయి.

మొదటిది, 150 అనేది 20 గంటల లెక్క. 7.5 ఆంపియర్ల చొప్పున మెల్లగా తీస్తేనే 20 గంటలపాటు ఇస్తుంది. గట్టిగా లాగేకొద్దీ లోపలి రసాయన చర్య ప్లేట్ల లోతుకు అందుకోలేక, వచ్చేదే తగ్గుతుంది. మూడు నాలుగు గంటల్లో ఖాళీచేసే లోడు మీద 150 కాస్తా 115–120 అవుతుంది. రెండోది, ఇన్వర్టరే 15 శాతం దాకా వేడిగా తినేస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 400 వాట్ల లోడు ÷ 0.85 = 470 వాట్లు, ÷ 12 వోల్టులు = 39 ఆంపియర్లు. 115 ÷ 39 = దాదాపు 3 గంటలు. ఆ మూడు ఫ్యాన్లూ బీఎల్‌డీసీ అయితే లోడు 262 వాట్లకు దిగి, అదే బ్యాటరీ నాలుగున్నర గంటలు దాటుతుంది. పెద్ద బ్యాటరీకి పెట్టే డబ్బు ఫ్యాన్లకు పెడితే కరెంటు ఉన్నప్పుడూ బిల్లు తగ్గుతుంది. ఈ మాట బ్యాటరీ అమ్మేవాళ్లు చెప్పరు, మీరే గుర్తుపెట్టుకోవాలి.

ఇదంతా కొత్త, నిండా చార్జ్ అయిన బ్యాటరీ సంగతి. మూడేళ్ల తర్వాత అందులో సగమో, ముప్పావో.

ఫ్రిజ్, మిక్సీ, బోరు మోటారు దానిమీద నడుస్తాయా?

ఫ్రిజ్ నడిచేటప్పుడు 150–200 వాట్లే, కానీ మామూలు కంప్రెసర్ లేచే క్షణంలో దానికి అయిదారు రెట్లు లాగుతుంది. 900 విఎ మీద ఒక్కోసారి లేస్తుంది, ఒక్కోసారి ఓవర్‌లోడ్ అని ఆగుతుంది. ఫ్రిజ్ తప్పనిసరైతే 1500 విఎ పైన, ప్యూర్ సైన్ చూడండి. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్ మెత్తగా లేస్తుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. రెండు మూడు గంటల కోతకైతే ఫ్రిజ్ అసలు అక్కర్లేదు, తలుపు తీయకుండా ఉంటే చల్లదనం నిలుస్తుంది.

మిక్సీ 500–750 వాట్లు. మిగతావన్నీ ఆపి రెండు నిమిషాలు తిప్పితే చెల్లుతుంది. ఒక హార్స్‌పవర్ మోటారు 746 వాట్లని చూసి మోసపోవద్దు, లేచేటప్పుడు అదీ అయిదారు రెట్లు లాగుతుంది. బోరు మోటారు, గీజర్, ఇస్త్రీ పెట్టె, ఏసీలను ఈ సైజు ఇన్వర్టర్ లైనుకు దూరంగా ఉంచండి.

ఫ్లాట్ ప్లేట్, ట్యూబులర్, జెల్, లిథియం. ఏది తీసుకోవాలి?

రోజూ కోతలుండే ఊరైతే పొడుగు ట్యూబులర్. ఇందులో పాజిటివ్ ప్లేటు పదార్థం గుడ్డ గొట్టాల్లో బంధించి ఉంటుంది, లోతుగా వాడినా రాలి అడుగున పడదు. నీళ్లు సరిగ్గా చూసుకుంటే నాలుగు నుంచి ఆరేళ్లు నడుస్తుంది. ఫ్లాట్ ప్లేట్ చవక, త్వరగా చార్జ్ అవుతుంది, కానీ లోతైన వాడకానికి రెండు మూడేళ్లలో చేతులెత్తేస్తుంది. నెలకోసారి అరగంట కరెంటు పోయే అపార్ట్‌మెంటుకు అది చాలు.

జెల్, ఎస్‌ఎంఎఫ్ (సీలు వేసిన) రకాలకు నీళ్ల బాధ లేదు. కానీ వేడికి ఓర్చుకోలేవు. రోహిణి కార్తెలో 45 డిగ్రీలు తాకే రామగుండంలోనో రెంటచింతలలోనో మూసిన బాల్కనీ అరలో పెడితే వాటి ఆయుష్షు తొందరగా కరిగిపోతుంది.

లిథియంలో ఇళ్లకు వచ్చేది ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 12.8 వోల్టులు, 100 ఏహెచ్ అంటే 1280 వాట్ అవర్లు, అందులో 80–90 శాతం నిజంగా వాడుకోవచ్చు. గట్టిగా లాగినా కెపాసిటీ పెద్దగా తగ్గదు. అందుకే 100 ఏహెచ్ లిథియం, 150 ఏహెచ్ ట్యూబులర్‌కు దాదాపు దీటుగా వస్తుంది. సరిపడా చార్జర్ ఉంటే రెండు మూడు గంటల్లో నిండుతుంది, గోడకు తగిలించొచ్చు. రోజుకు రెండు మూడు సార్లు కరెంటు పోయే చోట, మధ్యలో నిండే తీరిక సీసం బ్యాటరీకి (పైన చెప్పిన మిగతా రకాలన్నీ సీసం, యాసిడ్‌తో చేసినవే) దొరకదు. లిథియం పెట్టిన డబ్బుకు న్యాయం చేసేది సరిగ్గా అక్కడే.

పాత ఇన్వర్టర్‌కి లిథియం బ్యాటరీ పెట్టొచ్చా?

ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగ్ ఉంటే పెట్టొచ్చు. లేకపోతే బ్యాటరీ తయారీదారు మీ మోడల్‌కు సరిపోతుందని రాసి ఇస్తేనే పెట్టండి. చిక్కు చార్జింగ్ తీరులో ఉంది. సీసం బ్యాటరీకి అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజి ఇచ్చే ఈక్వలైజేషన్ ఎల్‌ఎఫ్‌పీకి పనికిరాదు, 14.6 దాటకూడదు. హద్దు దాటగానే లోపలి బీఎమ్‌ఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) బ్యాటరీని కట్ చేస్తుంది. అప్పుడు కొన్ని ఇన్వర్టర్లు బ్యాటరీ లేదనుకుని ఎర్రర్ చూపిస్తాయి, జనం బ్యాటరీ పోయిందనుకుంటారు.

రెండు బ్యాటరీల ఇన్వర్టర్ ఎప్పుడు అవసరం?

ఒకేసారి వెయ్యి వాట్లు దాటుతున్నప్పుడు. 12 వోల్టుల మీద వెయ్యి వాట్లంటే వంద ఆంపియర్ల మీదే. వైర్లు, జాయింట్లు కాగుతాయి. 24 వోల్టులైతే అందులో సగం. రెండు బ్యాటరీలూ ఒకే కంపెనీ, ఒకే కెపాసిటీ, ఒకే వయసు ఉండాలి. పాతదానికి కొత్తది జతచేస్తే, పాతది ముందే ఖాళీ అయ్యి ముందే నిండుతుంది. కొత్తది ఎప్పుడూ సగం చార్జ్‌లోనే ఉండిపోయి, ఏడాదిలో పాతదానిలాగే అవుతుంది.

ఇంట్లో పెద్దాయనకు ఆక్సిజన్ మిషన్ ఉంది. దానికి సరిపోతుందా?

5 లీటర్ల కాన్సంట్రేటర్ 300–400 వాట్లు ఆపకుండా తీసుకుంటుంది, లోపల కంప్రెసర్ ఉంటుంది. ప్యూర్ సైన్, 1100 విఎకు తగ్గకుండా తీసుకుని, ఆ లైను మీద ఇంకేమీ పెట్టొద్దు. 150 ఏహెచ్ కొత్త ట్యూబులర్ మూడు గంటలు ఇస్తుంది. కరెంటు తిరిగి ఎప్పుడొస్తుందో తెలియని తుపాను రాత్రికి ఇది చాలదు. నిండిన సిలిండరు ఒకటి ఇంట్లో ఉండి తీరాలి.

ఇన్వర్టర్ పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందా?

కాస్త. ఏమీ చేయకుండా నిలబడ్డా ట్రాన్స్‌ఫార్మర్, ఫ్లోట్ చార్జింగ్ (నిండిన బ్యాటరీని నిండుగా ఉంచే సన్న చార్జింగ్) కలిసి 10–20 వాట్లు తింటాయి, నెలకు 7 నుంచి 14 యూనిట్లు. కరెంటు పోయినప్పుడు వాడిన ప్రతి యూనిట్‌కూ తిరిగి నింపేందుకు ఒకటిన్నర యూనిట్ దాకా పడుతుంది. దీనికి మించి పెరిగితే బ్యాటరీలో ఏదో సెల్ చెడి, చార్జర్ ఆగకుండా తోస్తోందని అనుమానించాలి.

## బిగించేటప్పుడు

ఎక్కడ పెట్టాలి? మెట్ల కింద గూట్లో పెట్టొచ్చా?

గూటికి తలుపు లేకపోయినా, జాలీ తలుపున్నా పెట్టొచ్చు. సీసం బ్యాటరీ నిండే వేళ హైడ్రోజన్ వదులుతుంది. అది గాలిలో 4 శాతానికి చేరితే చిన్న రవ్వ చాలు. కాబట్టి పూర్తిగా మూసిన కప్‌బోర్డు వద్దు, దేవుడి గది వద్దు, గ్యాస్ సిలిండర్ పక్కన వద్దు. ఇన్వర్టర్‌ను నేరుగా బ్యాటరీ మీద పెట్టొద్దు, యాసిడ్ ఆవిరి పైకి లేచి బోర్డును తినేస్తుంది. ట్రాలీలో రెంటి మధ్య అర ఉండేది అందుకే. వెనక, పక్కల జానెడు ఖాళీ వదలండి. ఎండ పడే బాల్కనీ కన్నా నీడనున్న వరండా మేలు.

ఇంటి వైరింగ్ మొత్తం మార్చాలా?

అక్కర్లేదు. ఇన్వర్టర్ మీద నడవాల్సిన లైట్లు, ఫ్యాన్లకు ఫేజు విడదీసి, ఇన్వర్టర్ అవుట్‌పుట్ నుంచి వేరే ఫేజు వైరు తీసుకెళ్తారు. ఈ లైను తర్వాత గుర్తుపట్టేలా వేరే రంగు వైరు వాడమనండి. లైట్లు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్లు, సాకెట్లకు 2.5.

పాత ఇళ్లలో అసలు తలనొప్పి న్యూట్రల్. ఇన్వర్టర్‌కు ఫేజు ఒక ఆర్‌సిసిబి (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) గుండా వచ్చి, లోడు న్యూట్రల్ ఇంకోచోట కలిస్తే, ఫ్యాను వేసిన మరుక్షణం ఆర్‌సిసిబి పడిపోతుంది. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా లేవని అది అనుకుంటుంది, దాని తప్పేం లేదు. 'ఈ ఆర్‌సిసిబి తీసేస్తే సరిపోతుంది సార్' అనే ఎలక్ట్రీషియన్‌ను పంపించేసి, న్యూట్రల్ సరిచేసేవాణ్ని పిలవండి.

ఇన్వర్టర్ అవుట్‌పుట్ మీద కూడా సొంత ఎమ్‌సిబి (లోడు మితిమీరితే పడిపోయే స్విచ్), ఆర్‌సిసిబి పెట్టించండి. బ్యాటరీ మీద నడిచేటప్పుడు మెయిన్ దగ్గరున్న ఆర్‌సిసిబి ఆ లైనును కట్ చేయలేదు.

మెయిన్ ఆపేసి ఫ్యాను విప్పుతుంటే షాక్ కొట్టింది. ఎలా?

మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ కరెంటు పోయిందనుకుని 230 వోల్టులు పంపింది. ఇన్వర్టర్ లైను మీద పనిచేసే ముందు దాని ముందు వైపున్న స్విచ్ కూడా ఆపాలి, టెస్టర్ పెట్టి చూసుకోవాలి. మెయిన్ బోర్డు మీద 'ఈ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది' అని ఓ స్టిక్కర్ అంటించండి. తర్వాత వచ్చే ఎలక్ట్రీషియన్ ప్రాణం దానిమీద ఆధారపడొచ్చు.

బ్యాటరీ దూరంగా పెట్టాలి. వైరు పొడిగించొచ్చా?

వద్దు. 720 వాట్ల లోడు మీద, బ్యాటరీ 10.5 వోల్టులకు దిగినప్పుడు ఆ వైరులో 80 ఆంపియర్లు పారతాయి. పొడుగు పెంచితే వైరులోనే అర వోల్టు, వోల్టు పోతుంది, ఇన్వర్టర్ బ్యాటరీ ఖాళీ అయిందనుకుని ముందే ఆగుతుంది. డబ్బాతో వచ్చిన వైరే వాడండి. దూరం కావాలంటే 230 వోల్టుల వైపు పెంచండి, అటు అదే లోడుకు నాలుగు ఆంపియర్లే.

రెండు చివర్లా పిన్నులున్న వైరుతో ఇన్వర్టర్ నుంచి గోడ సాకెట్‌లోకి ఇస్తే ఇల్లంతా వెలుగుతుందట కదా?

వెలుగుతుంది, మనిషినీ చంపుతుంది. ఒక చివర సాకెట్లో ఉండగా రెండో చివర పిన్ను మీద 230 వోల్టులు బయటికే ఉంటాయి. మెయిన్ ఆపడం మరిచిపోతే ఆ కరెంటు సర్వీసు వైరు గుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరి, అవతలి వైపు 11 వేల వోల్టులుగా లేస్తుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు లైను చచ్చిందనే నమ్మకం ఉంటుంది. పైగా లైను కరెంటు తిరిగొస్తే మీ ఇన్వర్టర్ ఆ క్షణమే కాలిపోతుంది.

## వాడకంలో

యూపీఎస్ మోడ్‌లో పెట్టాలా, నార్మల్ మోడ్‌లోనా?

డెస్క్‌టాప్ ఉంటే యూపీఎస్, లేకపోతే నార్మల్. యూపీఎస్ మోడ్ లైను వోల్టేజి సుమారు 180–260 మధ్య ఉంటేనే ఒప్పుకుంటుంది. నార్మల్ మోడ్ 100 నుంచి 290 దాకా సర్దుకుంటుంది. సాయంత్రం లో వోల్టేజి వచ్చే పల్లెల్లో యూపీఎస్ మోడ్ పెడితే, కరెంటు ఉన్నా 170 దగ్గర బ్యాటరీకి మారిపోతుంది. రాత్రి నిజంగా కోత పడే వేళకి బ్యాటరీ ఖాళీ. 'కరెంటు ఉన్నా బ్యాటరీ దిగిపోతోంది' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఈ ఒక్క స్విచ్.

బ్యాటరీలో ఆర్‌ఓ నీళ్లు పోయొచ్చా? ఏసీ నుంచి కారే నీళ్లో?

డిస్టిల్డ్ వాటర్ లేదా డీమినరలైజ్డ్ వాటర్ మాత్రమే. ఆర్‌ఓ నీళ్లలో తాగడానికి సరిపడా లవణాలు మిగిలే ఉంటాయి. బోరు నీళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. క్లోరైడు ప్లేట్లను తింటుంది, ఇనుము ఉంటే బ్యాటరీ వాడకపోయినా తనంతట తానే దిగిపోతుంది. ఆవిరయ్యేది నీరే కాబట్టి లవణాలు లోపలే పేరుకుంటూ పోతాయి. ఏసీ నీళ్లు చూడటానికి డిస్టిల్డ్ లాంటివే. కానీ కాయిల్ మీది దుమ్మును, లోహపు జాడలను కడుక్కుంటూ వస్తాయి. అయిదు లీటర్ల క్యాను ఖరీదు ముందు బ్యాటరీ ఖరీదెంతో చూసుకోండి.

నీళ్లు ఎప్పుడు, ఎంత వరకు పోయాలి?

ఎండాకాలంలో నెలకోసారి, మిగతా రోజుల్లో రెండు మూడు నెలలకోసారి చూడండి. తేలే సూచిక ఎర్ర గీతకు దిగకముందే పోయాలి, పచ్చ గీత దాటకూడదు.

ముందు ఇన్వర్టర్ ఆపి, ప్లగ్ తీయండి. మూతల చుట్టూ దుమ్ము తుడవండి, లేకపోతే అదంతా లోపలికే పడుతుంది. బ్యాటరీ నిండాక పోయడం మంచిది. చార్జింగ్‌లో ద్రవం ఉబ్బుతుంది, ముందే అంచు దాకా పోస్తే యాసిడ్ పొంగి టెర్మినళ్ల మీద పడుతుంది. ప్లేట్లు బయటపడేంత ఎండిపోతే మాత్రం అవి మునిగేంత పోసి, చార్జ్ చేసి, తర్వాత గీత వరకు నింపండి. ఆరు సెల్స్‌లో ఒక్కటే మాటిమాటికీ ఎండిపోతుంటే ఆ సెల్‌కు రోగం మొదలైనట్టే.

టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పేరుకుంటోంది. ఏం చేయాలి?

ఇన్వర్టర్ ఆపి నెగటివ్ వైరు ముందు, పాజిటివ్ తర్వాత విప్పండి. వేడి నీళ్లలో కాస్త వంటసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్దండి, ఆ నీళ్లు సెల్‌లోకి పోకూడదు. ఆరాక బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. బిగించాకే పైన వాసలిన్ రాయండి. బండి గ్రీజు వద్దు.

నెల రోజులు ఊరెళ్తున్నాం. ఆపేసి వెళ్లాలా?

ఇన్వర్టర్ ముందు వైపున్న స్విచ్ ఆపండి, గోడ ప్లగ్ మాత్రం ఆన్‌లో వదలండి. చాలా మోడళ్లలో ఆ స్విచ్ బ్యాటరీ నుంచి కరెంటు ఇవ్వడాన్నే ఆపుతుంది, చార్జింగ్ నడుస్తూనే ఉంటుంది. వెళ్లేముందు నీళ్లు చూసుకోండి. మెయిన్ కూడా కట్టేసి వెళ్లేవాళ్లు బ్యాటరీ నిండాక నెగటివ్ వైరు విప్పి వెళ్లాలి. ఖాళీ బ్యాటరీని అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సీసం సల్ఫేటు గట్టిపడుతుంది, తిరిగొచ్చాక ఎంత చార్జ్ పెట్టినా అది కరగదు.

## తేడా చేసినప్పుడు

మూడు గంటలు వచ్చేది ఇప్పుడు పది నిమిషాలే వస్తోంది. ఇన్వర్టర్ పోయిందా?

దాదాపు ఎప్పుడూ బ్యాటరీయే. ఇలా తేల్చుకోండి: రాత్రంతా చార్జ్ చేసి, ఆపి, రెండు మూడు గంటలు వదిలేసి మీటరుతో చూడండి. 12.6–12.7 వోల్టులుంటే నిండినట్టు, 12.2 అంటే సగం. 10.6 చుట్టూ ఉంటే ఒక సెల్ షార్ట్ అయింది.

వోల్టేజి బాగున్నా నమ్మకండి. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు వేసి అయిదు నిమిషాల తర్వాత మళ్లీ కొలవండి. 11 కిందికి జారిపోతే లోపల సత్తువ లేదు. అసలు గుట్టు బయటపెట్టేది హైడ్రోమీటర్, అంటే లోపలి యాసిడ్ సాంద్రత కొలిచే సాధనం. నిండిన ట్యూబులర్‌లో ప్రతి సెల్ 1220–1250 మధ్య చూపాలి. అయిదు సెల్స్ 1230 దగ్గరుండి ఒకటి 1150 అంటే ఆ ఒక్కటే మొత్తాన్ని ముంచుతోంది. వారంటీ కోసం వెళ్లేటప్పుడు ఆరు అంకెలూ రాసుకుని వెళ్లండి. మాట తీరే మారిపోతుంది.

ఆరూ సమానంగా తక్కువుంటే బ్యాటరీ పోలేదు, సరిగ్గా నిండడం లేదు. చార్జింగ్ కరెంటు 150 ఏహెచ్‌కు 15 ఆంపియర్ల చుట్టూ ఉండాలి. వెనక స్విచ్‌లో చిన్న బ్యాటరీకి సెట్ చేసి ఉందేమో చూడండి.

మెకానిక్ యాసిడ్ మారిస్తే బ్యాటరీ లేస్తుందంటున్నాడు. నిజమా?

నాలుగు రోజులు లేస్తుంది. ఆవిరయ్యేది నీరే, యాసిడ్ ఎక్కడికీ పోదు. బ్యాటరీ దిగినప్పుడు యాసిడ్‌లోని సల్ఫేటు ప్లేట్లలో చేరుతుంది, చార్జ్ అయినప్పుడు తిరిగొస్తుంది. పైనుంచి కొత్త యాసిడ్ పోస్తే హైడ్రోమీటర్ అంకె పెరుగుతుంది, ప్లేట్లు మాత్రం ఇంకా వేగంగా తినుకుపోతాయి. బ్యాటరీ ఒరిగిపోయి యాసిడ్ కారిపోయిన సందర్భం ఒక్కటే దీనికి మినహాయింపు.

కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోంది, బ్యాటరీ కాలిపోతోంది.

వెంటనే గోడ ప్లగ్, ఇన్వర్టర్ ముందు వైపున్న స్విచ్ ఆపండి. కిటికీలు తెరవండి. అగ్గిపుల్ల వద్దు, ఆ గదిలో ఇంకే స్విచ్చూ వేయొద్దు. అది హైడ్రోజన్ సల్ఫైడ్, విషవాయువు. ఒక సెల్ షార్ట్ అయితే మిగిలిన అయిదింటి మీద చార్జర్ వోల్టేజి అంతా పడి అతిగా మరుగుతాయి. చల్లారే దాకా మూతలు తీయొద్దు. పక్కలు ఉబ్బి ఉంటే దాన్ని మళ్లీ చార్జింగ్ పెట్టనే వద్దు.

కరెంటు ఉన్నా చార్జ్ కావడం లేదు, బ్యాటరీ మీదే నడుస్తోంది.

వెనక ఉండే చిన్న నల్ల బటన్ చూడండి. అది లైను వైపు బ్రేకర్, ఎగిరితే పొడుచుకొస్తుంది. ఓ నిమిషం ఆగి నొక్కండి. మళ్లీ మళ్లీ ఎగురుతుంటే ఇన్వర్టర్ లైను మీద ఎవరో గీజరో ఇస్త్రీ పెట్టో పెట్టారు. కరెంటు ఉన్నప్పుడు కూడా ఆ లోడు ఇన్వర్టర్ గుండానే వెళుతుందని చాలామందికి తెలియదు. బటన్ బాగుంటే గోడ సాకెట్‌లో పిన్ను వదులైందేమో, వోల్టేజి మరీ తక్కువుందేమో చూడండి. ఇవేవీ కాకపోతే అప్పుడు సర్వీసు.

## సోలార్ వైపు చూసేవాళ్లకు

పైకప్పు మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే ఇంట్లో ఫ్యాను తిరగదు. మోసపోయామా?

లేదు, మీది ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్. అది లైను వోల్టేజినీ ఫ్రీక్వెన్సీనీ అనుసరించి కరెంటు పంపుతుంది. లైను లేకపోతే ఆగిపోవడం దానికి నియమం. ఆగకపోతే మరమ్మతు చేస్తున్న లైన్‌మన్ మీదికి కరెంటు వెళుతుంది. కోతల్లోనూ నడవాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. అది గ్రిడ్ నుంచి ఇంటిని విడదీసి సొంతంగా నడుపుతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30 వేలు, 3 కిలోవాట్లు ఆపైన మొత్తం 78 వేల రూపాయల సబ్సిడీ వస్తుంది. ఆ లెక్క ప్యానెళ్ల కెపాసిటీ మీదే, బ్యాటరీ ఖర్చు మీ జేబులోంచే.

ఉన్న ఇన్వర్టర్‌కే ఒక ప్యానెల్ కలపొచ్చా?

బ్యాటరీకి సోలార్ చార్జ్ కంట్రోలర్ పెట్టి కలపొచ్చు. ఏ కంట్రోలర్ అన్నదే ముఖ్యం. ఇప్పుడు దొరికే 540 వాట్ల ప్యానెల్ దాదాపు 41 వోల్టులు, 13 ఆంపియర్లు ఇస్తుంది. చవక పీడబ్ల్యూఎం కంట్రోలర్ దాన్ని 13 వోల్టుల బ్యాటరీ స్థాయికి దించేస్తుంది, ఆంపియర్లు అవే 13. చేతికొచ్చేది 170 వాట్లు, మిగతాదంతా ఎండపాలు. ఎంపీపీటీ అయితే వోల్టేజి దించినంత మేర ఆంపియర్లు పెంచుతుంది. కానీ అప్పుడు 540 వాట్లంటే 40 ఆంపియర్లు, 150 ఏహెచ్ సీసం బ్యాటరీకి అది మరీ ఎక్కువ. కంట్రోలర్‌లో 20 ఆంపియర్ల హద్దు పెట్టుకోండి, లేదా 12 వోల్టులకని చేసిన 36 సెల్స్ చిన్న ప్యానెళ్లు తీసుకోండి. వాటికి పీడబ్ల్యూఎం కూడా సరిపోతుంది.

పాత బ్యాటరీని ఇనుప సామాను వాడికి ఇవ్వొచ్చా?

కొత్తది కొనే షాపులో ఇవ్వండి. సీసానికి విలువుంది కాబట్టి ధరలో తగ్గిస్తారు, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులది. యాసిడ్ నిండా ఉన్నప్పుడే తూకం ఇవ్వండి, బరువు ఎక్కువ చూపించాలని కాదు, యాసిడ్ బయట పారబోయకూడదని. కాలువలో వంపేసి ఇమ్మని అడిగేవాడికి అసలు ఇవ్వకూడదు. ఆ యాసిడ్‌లో సీసం కలిసి ఉంటుంది, వంపిన చోట మట్టిలోనే నిలిచిపోతుంది.